బుధవారం అరగంట

హల్ నగరంలో వాన కురవదు, వేలాడుతుంది.
హంబర్ నది మీంచి లేచిన తడిపొగ
భుజాల మీద పాత కోటులా కూర్చుంటుంది.
నేను అంబులెన్సు ఫోన్లు ఎత్తే మనిషిని.
నా రెండు చెవులూ తలుపుల్లేని ఇళ్లు.
ఎవరెవరో వస్తారు, కేకలు పెడతారు, వెళ్లిపోతారు.
ఎవరు బతికారో ఆ తర్వాత నాకెవరూ చెప్పరు.

ఇంట్లో ఒంటరిగా కూర్చుని చూశాను.
కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టాను.
బయట నిజం వాన ఉండగానే
యాప్‌లో వానచప్పుడు పెట్టుకుని విన్నాను.
పదకొండో ఊపిరికి ఎవరిదో చిరునామా,
పద్నాలుగో ఊపిరికి కరెంటు బిల్లు.
ఒంటరి నిశ్శబ్దం నాకు
మూత సరిగ్గా పడని గిన్నె.

మా ఆఫీసు నేల తుడిచే గ్లెనిస్
ఒకరోజు నా మొహం చూసి
"బుధవారం మధ్యాహ్నం ఖాళీయేనా?" అంది.
అంతే. ఇంకేం అనలేదు.

టైర్ల దుకాణం పక్కన ఇటుక గది.
లోపల గుండ్రంగా పదకొండు కుర్చీలు,
ఏ రెండూ ఒక జత కావు.
శిలువ లేదు, కొవ్వొత్తి లేదు, పాస్టరు లేడు, పాట లేదు.
మేం క్వేకర్లం అన్నారు. కూర్చో అన్నారు.
అరగంట ఎవరూ ఏమీ మాట్లాడరట.
లోపల్నుంచి మాట తోసుకొస్తే మాత్రం లేచి చెప్పొచ్చట.
నేనొచ్చిన ఏడాదిలో ముగ్గురే లేచారు,
అందులో ఒకరు కిటికీ మూయడానికి.

మొదటి రోజు నేను విన్నవి:
రేడియేటరు దగ్గు,
విల్ఫ్ తాత చెవి మిషను సన్నటి కూత,
రాత్రంతా రొట్టెలు కాల్చి తిన్నగా ఇటే వచ్చిన
జ్బిగ్నేవ్ గురక,
సూడాన్ నుంచి వచ్చిన ఇఖ్లాస్ ఒళ్లో
పసివాడు పాలు గుటకేసే చప్పుడు,
కప్పు మీద సముద్రపు కాకి తిట్లు.
మౌనమంటే ఇదా అని నవ్వొచ్చింది.
పైకే నవ్వేశాను. ఎవరూ తల తిప్పలేదు.

ఎన్నో వారమో గుర్తు లేదు.
లోతైన బావి.
ఒకరి చేంతాడుకి ఇంకొకరిది ముడేసి
అందరం కలిసి చేద దింపుతున్నట్టనిపించింది.
నాది ఒక్కటే అయితే నీళ్లకి అందేది కాదు.
కొన్ని బుధవారాలు నా తాడు తెగే వచ్చేది.
ఆ రోజు మిగతావాళ్లు దింపారు.
నేను ఊరికే దాహంగా కూర్చున్నాను.
తాగాను కూడా.

అరగంటయ్యాక విల్ఫ్ తాత పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటాడు.
అదే గంట కొట్టడం.
తర్వాత టీ, మెత్తబడిన బిస్కెట్లు,
కారు ఎక్కడ నిలపాలన్న పాత తగువు.
ఎవరినీ మెచ్చుకోని గ్లెనిస్
కప్పులు కడుగుతూ నా మీదికి తుడుపుగుడ్డ విసురుతుంది.
దేవుడున్నాడా అని నేను వాళ్లని అడగలేదు.
వాళ్లూ నన్నడగలేదు.

ఫిబ్రవరి. తెల్లవారుజాము నాలుగూ ఇరవై.
ఫోనులో ఒక ముసలాయన.
మెట్ల కింద పడి ఉన్న భార్య.
ఊపిరి ఉంది, మాట లేదు.
అడగాల్సినవన్నీ అడిగేశాను.
చెయ్యాల్సినవన్నీ ఆయన చేసేశాడు.
బండి ఇంకా తొమ్మిది నిమిషాల దూరం.

ఇదివరకైతే ఆ తొమ్మిది నిమిషాల్లో
మాటలు కుక్కేదాన్ని,
కారే గోడకి గుడ్డలు కుక్కినట్టు.
ఈసారి "నేనిక్కడే ఉన్నాను" అన్నాను.
ఊరుకున్నాను.

వాళ్లింట్లో ఒక కుళాయి కారుతోంది.
ఆయన ఊపిరి. దాని వెనక, సన్నగా, ఆవిడది.
నా వెనక పదకొండు కుర్చీలు
చప్పుడు చెయ్యకుండా వచ్చి గుండ్రంగా సర్దుకున్నాయి.
"ఉన్నారా?" అన్నాడాయన.
"ఉన్నాను."
మళ్లీ కుళాయి.
మళ్లీ ఆవిడ ఊపిరి.
తర్వాత తలుపు చప్పుడు, బూట్లు, లైను తెగిపోవడం.

ఆవిడ బతికిందో లేదో నాకెవరూ చెప్పలేదు.

ఆ బుధవారం లేచి చెబుదామనుకున్నాను.
మాట మోకాళ్ల దాకా వచ్చింది.
రేడియేటరు దగ్గింది.
పక్కన జ్బిగ్నేవ్ గురక అందుకున్నాడు.
నేను కూర్చునే ఉన్నాను.